పోటు నీది, పాటు మాది

పట్నం అయిపోయి, సముద్రం ఇంకా మొదలుకాని చోట ఒక మడ అడవి ఉంది. ఉప్పుటేట్లోకి సముద్రం పోటెత్తి వస్తుంది, కాసేపుండి పాటు తీసి వెళ్ళిపోతుంది. వచ్చినప్పుడు అడవంతా నీళ్ళు. వెళ్ళినప్పుడు అడవంతా బురద.

ఆ ఏటి గట్టున నూకాలు అనే నీటికుక్క కాపురం. దానికి నిద్ర లేదు. కిందటి వానల్లో పట్నం కోతులు సరదాకి వచ్చి బొరియ మీద గెంతితే, కూన ఒకటి బెదిరి బయటికి పరిగెత్తి పోటులో కొట్టుకుపోయింది. మిగిలినవి మూడు. చేపకి వెళ్ళేముందు ముక్కు తాకించి వాటిని లెక్కపెట్టేది. వచ్చి మళ్ళీ లెక్కపెట్టేది. గాలి మారినా లెక్కపెట్టేది.

ఒకనాడు చేపల బజారు వెనక బతికే నక్క కొండబాబు వచ్చి అందరినీ కేకేశాడు. ఊరిపెద్ద కొంగ అప్పలస్వామి ఒంటికాలి మీదే ఉండి ఒక కన్ను తెరిచాడు. పీత మంగతాయారు అడ్డంగా వచ్చింది. దున్నపోతు పోతురాజు నీళ్ళలోంచి లేవకుండా చెవి ఊపాడు.

"పట్నంలో వాళ్ళకి గోడలు చూసీ చూసీ మొహం మొత్తింది," అన్నాడు కొండబాబు. "మీరిక్కడ ఊరికే బతికేదంతా వాళ్ళకి వింత. తెప్ప మీద తీసుకొస్తాను. చూసిపోతారు. వట్టి చేతుల్తో రారు. కాజాలూ, చేప తలకాయలూ తెస్తారు."

"మేమేం చెయ్యాలి?" అంది మంగతాయారు.

"నువ్వు నడిస్తే చాలొదినా. అడ్డంగా నడిచేవాళ్ళు పట్నంలో బోలెడుమంది ఉన్నారుగానీ, ఇంత ఎర్రగా లేరు."

మంగతాయారు మురిసిపోయి నాలుగడుగులు నడిచి చూపించింది.

"తాత నిలబడతాడు. పోతురాజు బాబాయి తెప్ప లాగుతాడు. నూకాలు చెల్లెమ్మ పిల్లల్ని చూపిస్తుంది."

"చూపించను," అంది నూకాలు.

"జనం వచ్చేదే పిల్లల కోసమమ్మా."

"రావద్దను."

అప్పలస్వామి గొంతు సవరించుకున్నాడు. "ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెదొక దారి అంటే ఎలాగమ్మా? పదిమందికీ పనికొచ్చే మాట. సరే కొండబాబూ, వాటా ఎలాగ?"

"ఊరుమ్మడి బేరం తాతా. పోటు నాది, పాటు మీది. పోటులో వచ్చింది నేను చూసుకుంటాను. పాటులో వచ్చిందంతా మీరు చూసుకోండి. సముద్రమే తూకం వేసి పెట్టింది. ఇంతకన్నా న్యాయం ఉందా?"

అప్పలస్వామి కన్ను మూశాడు. కొంగ కన్ను మూస్తే అది జపమో నిద్రో ఎవరికీ తెలీదు. కాసేపటికి తెరిచి, "బాగానే ఉంది," అన్నాడు.

బాగానే మొదలైంది. పోటెక్కగానే పోతురాజు మెడకి తాడు వేసుకుని తెప్ప లాగేవాడు. తెప్ప మీద మేడల్లో పెరిగిన పిల్లులు, బజారు మేకలు, కుక్కలు. ముందు నిలబడి కొండబాబు చెయ్యి చాపి చూపించేవాడు. చూసినవాళ్ళు తెచ్చినవి బుట్టలో వేసేవాళ్ళు. నీళ్ళు తిరగకముందే బుట్టతో సహా వెళ్ళిపోయేవాడు.

పాటులో ఎవరూ వచ్చేవారు కాదు. తెప్ప నడవదు కదా.

"ఇదేం బేరం?" అని మంగతాయారు నిలదీసింది.

"పాటులో ఎవరైనా వస్తే మీవాళ్ళేనొదినా. నేను కాదన్నానా?"

"పాటు మాదన్నాడు, పాట్లు మావయ్యాయి," అని గొణుక్కుంటూ మంగతాయారు బొక్కలోకి దిగింది. ఇల్లు అలకగానే పండగ కాదని దానికి అప్పటికి తెలిసింది.

మేకలు లేత మడ మొక్కల్ని మేసిపోయాయి. పిల్లులు కొంగ గూళ్ళ కింద కాచుక్కూచున్నాయి. వచ్చినవాళ్ళు వచ్చినట్టు గట్టు మీద కర్రలతో పొడిచి, "ఏవీ పిల్లలు?" అని అడిగేవాళ్ళు. నూకాలు కూనల్ని నోట కరుచుకుని చోటు మార్చేది. కొండబాబు వాసన పట్టి మళ్ళీ అక్కడికే తెప్ప మళ్ళించేవాడు. ఆపై నూకాలు చేపలకి వెళ్ళడమే తగ్గించింది. పాలు తగ్గాయి. చిన్నది ఏడవడం మానేసింది. దానికి నూకాలుకి ఏడుపు కన్నా ఎక్కువ భయం వేసింది.

ఒక సాయంత్రం కొండబాబు ఒక్కడూ వచ్చాడు. "రేపు పున్నమి. పెద్ద పోటు. బజారు సగం తెప్ప మీదే ఉంటుంది, కోతులూ వస్తున్నాయి. పిల్లల్ని మర్యాదగా బయట పెట్టు చెల్లెమ్మా. లేకపోతే కోతులే చెయ్యి పెట్టి తీస్తాయి."

కోతులు అన్న మాటకి నూకాలు కూనల్ని మళ్ళీ లెక్కపెట్టింది. ఏటి వైపు చూసింది. పున్నమికి పోటెంత పెద్దదో పాటూ అంత లోతు. ఏట్లో పుట్టినవాళ్ళు దాన్ని ఒకరికొకరు చెప్పుకోరు, అందరికీ తెలుసు కనక. కొండబాబుకి ఎవరూ చెప్పలేదు. వాడెప్పుడూ పాటు దాకా ఉండలేదు.

"అన్నా, తాత ముందు అన్న మాట మళ్ళీ చెప్పు. పోటు నీది, పాటు మాది. ఇప్పటికీ అంతేనా?"

"నా మాట రాతి మీద గీత."

"అయితే అడవి లోపలి కొస పాయ దాకా రా. నేనుంటాను."

"పిల్లలు?" అనలేదు కొండబాబు. వాళ్ళమ్మ ఎక్కడుంటే వాళ్ళూ అక్కడే అనుకున్నాడు. వాడు వెళ్ళాక నూకాలు పోతురాజు చెవి దగ్గరికి ఈదుకెళ్ళింది.

"బాబాయ్, తెప్ప ఎప్పుడు లాగుతానని ఒప్పుకున్నావు?"

"పోటులో," అన్నాడు పోతురాజు. చాలాసేపు నెమరు వేశాడు. తర్వాత, "ఓహో," అన్నాడు.

తెల్లారేసరికి కూనలు ఏరు సముద్రంలో కలిసే మొగలో, పోటందని మెరక మీద అప్పలస్వామి నిలబడే చెట్టు వేళ్ళ కింద ఉన్నాయి. ఈసారి తాత రెండు కళ్ళూ తెరుచుకుని నిలబడ్డాడు.

పున్నమి పోటు మడ చెట్ల నడుముల దాకా ఎక్కింది. నిండు తెప్ప వచ్చింది. నూకాలు ముందు ఈదింది. మునిగింది, తేలింది, వెల్లకిలా పడుకుని పొట్ట మీద చేపని ఆడించింది. తెప్ప మీద అందరూ చప్పట్లు. నూకాలు ఇంకొంచెం లోపలికి పోయింది. ఒక్కసారైనా ఏటి మొగ వైపు తిరిగి చూడలేదు.

"నీళ్ళు పొట్ట కిందికి దిగాయి," అన్నాడు పోతురాజు.

"ఇంకొంచెం బాబాయ్. బుట్ట ఇంకా నిండలేదు," అన్నాడు కొండబాబు.

"మోకాళ్ళకి వచ్చాయి."

"ఇంకొంచెం."

కొస పాయలో తెప్ప బర్రుమని బురదకి కరుచుకుంది. ఎటు చూసినా నీళ్ళు పారిపోతున్నాయి. పోతురాజు మెడలోంచి తాడు తీసి పక్కన పెట్టాడు.

"లాగు బాబాయ్!"

"పోటులో లాగుతానన్నాను. పాటులో లాగుతానని అనలేదు నాయనా."

మేకలు అరిచాయి. నూకాలు తెప్ప దగ్గరికి వచ్చింది. "భయపడకండి. ఇది పాటు. ఇప్పుడు మీరు మా చుట్టాలు. మంగతాయారొదిన వెనక నడవండి, గట్టినేల ఎక్కడుందో తనకి తెలుసు."

మంగతాయారు ముందుకి నడిచింది, అంటే పక్కకి. అందరూ దాని వెంట పక్కకే నడిచారు. వేళ్ళ మీద గెంతే చేపలు చూపించింది. నేల పొడుచుకుని ఊపిరి పీల్చే వేళ్ళు చూపించింది. "మీరు మేసేసినవి వీటి పిల్లలే," అని మేకలకి చెప్పింది. మేకలు నోరు మూసుకున్నాయి.

ఒక కోతి మాత్రం, "పిల్లలేవి? పిల్లల కోసం వచ్చాం," అంది.

"ఉన్నారు," అంది నూకాలు. "చూపించను."

కోతి గట్టు వైపు దూకబోయింది. తెప్ప మీంచి దిగిన ఒక ముసలి కుక్క దారికి అడ్డం నిలబడింది. దానికి ఒక చెవి సగమే ఉంది.

"నాకూ ఉండేవి," అంది నూకాలుతో. "లారీల రోడ్డు పక్కన ఈనాను."

నూకాలు దాని వైపు చూసింది.

"నీవి బాగున్నాయి కదా?"

"బాగున్నాయి."

"చాలు. చూడక్కర్లేదు," అని ముసలిది కోతి వైపు తిరిగి పళ్ళు చూపించింది. కోతి లైన్లో నడిచింది.

ఈ సందట్లో కొండబాబు బుట్ట కరుచుకుని అడ్డదారిన పట్నం వైపు పరిగెత్తాడు. గట్టినేల వాడికేం తెలుసు? మోకాళ్ళు దిగాయి, పొట్ట దిగింది, బుట్ట పక్కకి పడింది. మెడా, తోకా మాత్రం పైనున్నాయి.

"తాతా, లాగించు! బుట్ట మీరే తీసుకోండి!"

"బుట్ట మాదే. అది దిగింది పాటులో," అంది మంగతాయారు.

అప్పలస్వామి నిదానంగా ఎగిరొచ్చి పక్కన వాలాడు. దూరంగా నీళ్ళ చప్పుడు మొదలైంది.

"తొందరెందుకు కొండబాబూ, కాసేపాగు. పోటు వస్తోంది. అది నీదేగా?"

ఉప్పునీళ్ళు గడ్డం తాకాక కొండబాబు, ఏం ఒప్పుకోమంటే అది ఒప్పుకున్నాడు. అప్పుడు పోతురాజు వెళ్ళి తోక పట్టి లాగాడు.

ఇప్పటికీ పట్నం వాళ్ళు వస్తారు. పాటులో, కాలినడకన, మంగతాయారు వెనక. మేకలు మూతికి చిక్కాలు కట్టుకుని వస్తాయి. కోతులకి ముసలి కుక్క కాపలా. కొండబాబు బజార్లో కేకేసి జనాన్ని పిలుస్తాడు, అందరితో పాటే వాటా తీసుకుంటాడు. ఏటి మొగలో చెట్టు వేళ్ళ వైపు ఎవరూ వెళ్ళరు.

ఆ పున్నమి నాడు చిన్నది పాలు తాగి కోపంగా ఏడ్చింది. నూకాలు ఒక్కసారే లెక్కపెట్టి పడుకుంది.

చుట్టాల్ని పదిమందీ కలిసి పిలవచ్చు. ఏ తలుపు తియ్యకూడదో మాత్రం ఆ ఇంటివాళ్ళే చెప్పాలి.