పొద వేషం వేసిన నక్క

చింతలకోట దివాణం తోట తలుపులు ఏడాదికి ఒక్కరోజే తెరుస్తారు. ఆ రోజు పిల్లీ ఎలుకా కూడా పక్కపక్కనే నడవాలి. రక్తం బొట్టు నేల రాలిందా, ఇక ఎన్నటికీ తెరవరు. గేటు దగ్గర కుక్క కాపలా కూడానూ!

మన ఎద్దు పోలయ్య పదేళ్లు గోడ అవతల మోట లాగి ఆ తోటకు నీళ్లు పెట్టాడు. పాపం, ఒక్క పువ్వైనా చూసి ఎరగడు. కాడి దించేశాక ఈ ఏడే వీలు చిక్కింది. లోపల అడుగు పెట్టగానే నోరు తెరిచేశాడు. తాడు పట్టి గీసినట్టు బాటలు, బారులు తీరిన గులాబీలు, పొదల్ని కత్తిరించి చేసిన ఏనుగులు, నెమళ్లు!

"ఇవన్నీ నా పంటి పనే మావా," అంది మేక మంగతల్లి గర్వంగా. ఆ తోటలో కత్తెర లేదు మరి. ఆకు ఎక్కడ పెరిగితే అక్కడ మంగతల్లి పళ్లు పడాల్సిందే.

"ఔరా! నా నీళ్లకి ఇంత అందమా!" పోలయ్య కళ్లు చెమర్చాయి.

కొలను గట్టున బాతు పిల్లలు ఆడుకుంటున్నాయి. వాటి పక్కనే నక్క ఆకారంలో ఓ పొద. పోలయ్య ముచ్చటపడబోయి ఆగాడు. పొద మూతి నుంచి చొంగ కారుతోంది! ఒంటికి బంక పూసుకుని, అవిసాకు అంటించుకుని నిలబడ్డ నిజం నక్క అది.

పోలయ్య అరవబోయి తమాయించుకున్నాడు. అరిస్తే నక్క ఒక్క గెంతులో పిల్లని నోట కరుచుకుంటుంది. పిల్లా పోతుంది, తోటా మూతపడుతుంది. తను పరిగెత్తేలోపు తెల్లారుతుంది. అందుకే ఆవులిస్తూ తీరిగ్గా అన్నాడు:

"ఏమే మంగతల్లీ, అన్నీ కత్తిరించానంటివి. ఈ పొద సంగతేమిటి?"

"అయ్యో, నా మతి మండ! అందులోనూ అవిసాకు!" మేకకు ప్రాణం లేచొచ్చింది.

"తోక దగ్గర మరీ గుబురుగా ఉంది. అక్కణ్ణుంచి మొదలెట్టు."

నక్క బిగుసుకుపోయింది. కదిలితే కుక్క పట్టుకుంటుంది, కదలకపోతే మేక నమిలేస్తుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి! మంగతల్లి కరకరా నములుతూ తోక దాటి, నడుం దాటి, కుడి చెవి దాకా వచ్చింది. ఆకుతో పాటు చెవినీ పళ్ల మధ్య నొక్కేసింది.

"చచ్చాన్రోయ్!" అంది పొద.

మేక అదిరిపడి వెనక్కి గెంతింది. బాతు పిల్లలు బుడుంగున నీళ్లలోకి దూకాయి. కుక్క తరుముకొచ్చింది. సగం ఆకులతో, సగం బోడి ఒంటితో నక్క గోడ దూకి పరుగో పరుగు.

"ఉండు నక్కా, ఎడమ చెవి మిగిలిపోయింది!" అని మంగతల్లి అరుస్తూనే ఉంది.

పొద వేషం వేసేవాడు ముందు మేక ఎక్కడుందో చూసుకోవాలి.