జమ్మి అనుకున్న మొక్క

మఠం చేనులో ఈ ఏడు కొర్ర గింజ పడలేదు. పన్నెండెకరాలూ సర్కారు తుమ్మ కమ్ముకుంది. దారిన పోయేవాళ్ళకి ముప్పయ్యేళ్ళుగా పోస్తున్న అంబలికి ఇంక పిండి లేదు.

చేను చూసేది శిష్యుడు లింగప్ప. కలుపు తీసే ఆడవాళ్ళ వెనకాలే నడిచి, వాళ్ళు తీసిన సాలు మళ్ళీ తీసే మనిషి. ఒకరి మాట వినే మనిషి కాదు.

ఆరేళ్ళ కింద చేను నడుమ ఒక మొక్క మొలిచింది. జమ్మి అన్నాడు లింగప్ప. జమ్మి దానంతట అది మొలిస్తే మఠానికి మంచిదని చుట్టూ రాళ్ళు పేర్చాడు. నీళ్ళు పోశాడు. దసరాకి పసుపు రాశాడు.

గొర్రెల మారెప్ప ఆ దారిన పోతూ ఆగాడు.

"సామీ, ఇది జమ్మి కాదు. ముల్లు చూడు, ఆకు మొదట్లో జతలు జతలుగా ఉంది. సర్కారు తుమ్మ. ఇప్పుడైతే చేత్తో వస్తాది, పీకెయ్."

"గొర్రెలు కాసేవాడివి, నాకు చెట్లు నేర్పుతావా?"

ఆనాటి నుంచి మారెప్ప ఎదురైతే లింగప్ప మొహం తిప్పుకునేవాడు.

చెట్టు కాసింది. ఎండాకాలం ఎరువు కోసమని లింగప్ప చేనులో పొరుగూరి గొర్రెల మంద కట్టించాడు. రాలిన కాయలు తియ్యగా ఉంటే గొర్రెలు తిన్నాయి, చేనంతా పెంటికలు వేశాయి. వాన పడగానే పెంటిక పెంటికకీ మొలక. గొడ్డలితో నరికితే మోడు మోడుకీ పది కొమ్మలు.

"తాతా, చేను పోయింది," అని గురువు బూదితాత ముందు కూలబడ్డాడు. అరచేతులు ముళ్ళు దిగి చీము పట్టి ఉన్నాయి. "ఏదన్నా దారి చెప్పు."

బూదితాత లేచాడు. అంబలి కుండ కడిగి బోర్లించాడు. రెండు ముంతలు తీసి, ఒకటి లింగప్ప చేతిలో పెట్టి నడిచాడు. మారెప్ప గుడిసె ముందు ఆగాడు.

లింగప్ప వెనక్కి జరిగాడు. "తాతా, ఈ గడప తప్ప ఇంకే గడపైనా సరే..."

"ఆకలవుతోందిరా," అన్నాడు గురువు.

మారెప్ప బయటికొచ్చి చూశాడు.

"ఏం సామీ, జమ్మి బువ్వ పెట్టలేదా?"

అంటూనే లోపలికి పోయి అంబలి తెచ్చి రెండు ముంతలూ నింపాడు.

లింగప్ప తలెత్తలేదు. బూదితాత ముంత పట్టుకుని అతన్నే చూస్తూ నిలబడ్డాడు, తాగలేదు.

"పన్నెండెకరాలు ఎట్లా తీస్తావు సామీ?" అన్నాడు మారెప్ప. "దాని వేరు ఎంత లోతు పోతాదో ఎరుకేనా?"

లింగప్పకి తెలియనిది ఒకటి ఉందని మఠంలో ఎవరూ ఎన్నడూ వినలేదు. లింగప్ప తలెత్తాడు.

"తెలీదు మారెప్పా. నువ్వు చెప్పు."

"నాకూ తెలీదు సామీ. మా బావి నలభై అడుగులు తవ్వినా, ఆ వేరు ఇంకా కిందికే పోతా ఉండింది."

బూదితాత ముంత ఎత్తి తాగాడు.