నువ్వులగరువు నిలుపులమ్మ తల్లి: తీర్పరి రాయి అమ్మవారైన వైనం

నువ్వులగరువు గ్రామానికి తూర్పున, కాలువ గట్టు దిగగానే చెడుగుడు బరి ఉన్నది. బరికి ఈశాన్య మూల నిలుపులమ్మ తల్లి కొలువై ఉన్నది. గుడికి కప్పు లేదు. కప్పు వేయిస్తామని గ్రామ పెద్ద కర్రి తవిటినాయుడు గారు మూడు ఎన్నికలుగా మాట ఇస్తున్నారు. అమ్మవారు వానలో తడుస్తూనే ఉన్నారు, ఆయన గెలుస్తూనే ఉన్నారు. పూజారి జమ్మయ్య గారు ఉదయం ఏడు గంటలకు వస్తారని బోర్డు మీద రాసి ఉంటుంది. ఏడు గంటలకు అక్కడ ఉండేది ఆ బోర్డే.

మోకాలెత్తు నల్లరాయి, పసుపు, కుంకుమ, ఎర్ర రవికగుడ్డ. అమ్మవారి రూపం అంతే. కళ్ళు, చేతులు చెక్కలేదు. రాయి పైభాగం అంత నునుపుగా, పల్లంగా ఎందుకున్నదని భక్తులు అడుగుతారు. అది మనిషి కూర్చుని కూర్చుని అరిగిన గుర్తు.

పూర్వం ఇక్కడ కింతలి సూర్నారాయణ అనే తీర్పరి ఉండేవాడు. ఆ రాయి మీద కూర్చునే ఇరవై రెండేళ్ళు చెడుగుడుకు తీర్పు చెప్పాడు. ఒక జట్టువాడు ఒక్క ఊపిరిలో 'చెడుగుడు చెడుగుడు' అని కూత పెడుతూ నడిమి గీత దాటి అవతలివారిలోకి వెళ్ళాలి, ఊపిరి తెగేలోగా తిరిగి రావాలి. కూత నడుస్తుండగా ఆట ఆపరాదు. ఇది ఊరి కట్టడి. బరిలోకి ఆంబోతు వచ్చినా ఆపలేదు. కొల్లి పోలినాయుడి ఇల్లు అంటుకుంటే, కూత తెగేదాకా చూసి, అప్పుడు నీళ్ళకు పరుగెత్తారు. ఇల్లు బూడిదయింది. పోలినాయుడు ఆ సంగతి పొరుగూళ్ళలో గర్వంగా చెప్పుకునేవాడు. ఆయన భార్య చెప్పుకునేది కాదు.

బరి చుట్టూ గీసిన గీతను ఆడవారు తొక్కరాదన్నది రెండో కట్టడి.

ఒక ఏడు గైరమ్మ తల్లి సంబరంలో పొరుగూరు పాలవలస జట్టుతో పందెం పడింది. దాలినాయుడు అనేవాడు తాగి వచ్చాడని ఊరి జట్టులోంచి తీసేశారు. వాడు ఇంటికి పోయాడు. పోయినవాడి గురించి ఎవరూ తలుచుకోలేదు. అతడి బదులు గౌరీసును దింపారు. గౌరీసు కూతకు వెళ్తే, అతడు తిరిగి వచ్చేలోపు ఒక చుట్ట కాల్చి ఆర్పవచ్చునని ఊళ్ళో అనుకునేవారు.

గౌరీసు కూత మీద అవతలికి వెళ్ళిన క్షణాన దాలినాయుడి భార్య పారమ్మ పరుగెత్తుకొచ్చింది. జుట్టు విడిపోయి ఉంది. గీతకు జానెడు ఇవతల ఆగిపోయింది.

"తాతా, ఆపు! ఆడు కత్తి తీసినాడు. నన్ను బతకనీడు!"

సూర్నారాయణ రాయి మీదనుంచే చెయ్యెత్తాడు. "ఒక్క చిటికె ఆగమ్మా. కూత తెగనీ."

ఆమె ఆగింది. గౌరీసు ఒకడిని తాకాడు. జనం కేక వేశారు. కూత ఇంకా నడుస్తోంది. దాలినాయుడు వచ్చాడు. భుజాన తువ్వాలు, ముఖాన నవ్వు.

"ఇంటి తగువు తాతా. నువ్వు ఆట సూడు," అని పెళ్ళాం మణికట్టు పట్టుకున్నాడు. మెల్లగానే పట్టుకున్నట్టు కనిపించాడు. ఆమె వేళ్ళు మాత్రం తెల్లబడిపోవడం సూర్నారాయణ చూశాడు. రాయి మీదనుంచి సగం లేచాడు. అప్పుడే గౌరీసు రెండోవాడిని తాకాడు. సూర్నారాయణ మళ్ళీ కూర్చున్నాడు. పారమ్మ అతడి వైపు ఒకసారి చూసింది. మళ్ళీ పిలవలేదు. దాలినాయుడు ఆమెను తన కళ్ళం వైపు నడిపించుకుపోయాడు.

కూత తెగింది. ముగ్గురిని కొట్టి గౌరీసు గీత దాటాడు. సూర్నారాయణ లేచాడు. బరి నుంచి దాలినాయుడి కళ్ళం దాకా నూట ఇరవై అడుగులు. ముసలివాడు పరుగెత్తాడు. సరిపోలేదు.

దాలినాయుడిని పోలీసులు పట్టుకుపోయారు. సాక్షులకు కొరత రాలేదు. చూసినవారు రెండు వందల మంది.

పదమూడో రోజు మధ్యాహ్నం సూర్నారాయణ వీధి అరుగు మీద కునికితే కలలో పారమ్మ కనిపించింది. అతడి రాయి మీద కూర్చుని ఉంది.

"ఈ రాయి నాకొగ్గీ తాతా. కూకున్నోడు లెగిసీసరికి నా పని అయిపోనాది. ఇకనుంచి నువ్వు నిలబడు. ఆడది గీత తొక్కితే, ఊపిరి మద్దెలోనైనా ఆట నిలిపియ్."

సూర్నారాయణ ఊరిని పిలిచి చెప్పాడు. ఊరికి రుచించలేదు.

"అయితే ఇక కూరలో ఉప్పు నేదని కూడా వొచ్చి ఆట ఆపుతారేటి?" అన్నాడు పోలినాయుడు.

"ఇల్లు కాలినప్పుడే రానోడివి, ఉప్పుకి పిలిస్తే వొస్తావేటి?" అన్నది ఆయన భార్య, అందరి ముందూ. ఊరు ఒప్పుకుంది. రాయికి పసుపు రాశారు.

మరుసటి ఏడు మళ్ళీ గైరమ్మ సంబరం, మళ్ళీ పాలవలస. రెండు జట్లూ సమానం, చివరి కూత గౌరీసుది. ఒక్కడిని తాకి వస్తే గెలుపు. సూర్నారాయణ మోకాళ్ళు పట్టేస్తున్నా నిలబడే ఉన్నాడు. గౌరీసు కూతతో అవతలికి దూకాడు.

అప్పుడే గట్టు మీదనుంచి ఒక స్త్రీ పరుగున దిగింది. ఎవరికీ తెలియని మనిషి. ముఖం ఒకవైపు వాచి ఉంది. వెనక ఒకడు దుడ్డుకర్రతో వస్తున్నాడు. ఆమె బరి దాకా వచ్చి, గీత చూసి ఆగిపోయింది. కొత్త కట్టడి ఆమెకేం తెలుసు?

సూర్నారాయణ ఆమె పాదాల వైపు చూశాడు. గీత తొక్కితే ఆట ఆపాలని చెప్పింది తానే. తొక్కకపోతే ఏం చెయ్యాలో చెప్పలేదు. పారమ్మ కూడా సరిగ్గా అక్కడే ఆగింది. కర్రవాడు గట్టు దిగాడు. జనం గౌరీసునే చూస్తున్నారు.

"లోపలికి రా అమ్మా!" అని అరిచాడు సూర్నారాయణ. ఆమె కదలలేదు. మగవాళ్ళ బరి అది.

అవతల ఏడుగురి మధ్య గౌరీసు కూత ఠక్కున ఆగింది. ఛాతీ నిండా ఊపిరి ఉంది. అది మొత్తం ఆ అక్కను పిలవడానికే పెట్టాడు.

"గీత తొక్కీ అప్పా! రా!"

కూత తెగింది గనుక గౌరీసు అవుటు. పందెం పోయింది. ఆమె గీత తొక్కింది.

పద్నాలుగు మందీ ఆమె చుట్టూ నిలబడ్డారు. కర్రవాడు గీత దగ్గరకు వచ్చి, "నా పెళ్ళాం. ఇంటి తగువు," అన్నాడు.

ఆ మాట సూర్నారాయణ ఇదివరకు విన్నాడు.

"బరిలో ఉన్నాది. బరిలో తీర్పు నాది," అన్నాడు.

కర్రవాడు ముసలివాణ్ణి చూశాడు, వెనక ఉన్న పద్నాలుగు మందిని చూశాడు, కర్ర కింద పడేశాడు. జట్లు రెండూ ఒళ్ళంతా మట్టితోనే నాలుగు కోసులు నడిచి ఆమెను కన్నవారింట దింపి వచ్చాయి. దారి పొడవునా పాలవలసవారు గెలుపు తమదేనని వాదించారు. అది నిజమే. నువ్వులగరువు నేటికీ ఒప్పుకోలేదు.

ఆట నిలిపిన తల్లి గనుక పారమ్మను నాటినుంచి నిలుపులమ్మ అని కొలుస్తున్నారు. ఈ బరిలో తీర్పరికి నేటికీ కుర్చీ లేదు. ఏటా సంబరం నాడు ఆట మొదలుపెట్టే ముందు రెండు జట్లూ నడిమి గీతకు అటూ ఇటూ నిలబడతాయి. ఇంటివారి చేతుల్లో, తెలిసినవారి చేతుల్లో, దారినపోయేవారి చేతుల్లో ప్రాణాలు పోయిన చుట్టుపక్కల ఆడపిల్లల పేర్లు తీర్పరి చదువుతాడు. మొదటి పేరు పారమ్మది. ఒక్కో పేరుకు ఒక కూతంత సేపు బరి అంతా మౌనం. చివర "ఇంకెవరైనా ఉన్నారా?" అని అడుగుతాడు. కిందటేడు జనంలోంచి ఎనభై ఏళ్ళ ముసలమ్మ ఒకరు లేచి, తన చెల్లెలి పేరు చెప్పింది. పెళ్ళయిన ఏడాదే పోయిందట. ఇంట్లో జబ్బని చెప్పుకున్నారట. ఆ రోజు ఆట చాలా ఆలస్యంగా మొదలైంది. పాలవలసవారు కూడా తొందరపెట్టలేదు.

ఈ తల్లిని కొలిస్తే ఉద్యోగాలు వస్తాయని తవిటినాయుడు గారు అంటారు. ఆయన కొడుక్కు ఇంకా రాలేదు. ఊరివారు చెప్పే మహిమ వేరు. గౌరీసు పిలిచిన నాటినుంచి నేటివరకు తొమ్మిది మంది ఆడవాళ్ళు ఈ గీత తొక్కారు. తొమ్మిది మందీ బతికే ఉన్నారు.

దర్శనానికి వచ్చే అక్కచెల్లెళ్ళకు మనవి. అవసరం పడితే ఆట నడుస్తున్నా సరే, కూత మధ్యలోనైనా సరే, నేరుగా బరిలోకి రండి. ఏ ఊరని, ఎవరి తాలూకని అడగరు. చెప్పులు విప్పనక్కరలేదు.