ఏటి అవతలి బుట్టలు

గుర్రపుకొండ అడవిలో గిజిగాళ్లు బుట్టలల్లుకుని బతికేవాళ్లు. ఉడత గింజలు దాచుకోవాలన్నా, కోతి పళ్లు మోసుకోవాలన్నా గిజిగాడి బుట్టే దిక్కు. అలాంటిది రెండేళ్ల కిందట ఏటి అవతలి అడవి నుంచి తాబేళ్ల వీపుల మీద బుట్టలు దిగడం మొదలైంది. సగం ధరకే దొరుకుతుంటే ఎవరు వద్దంటారు? నలభై గిజిగాళ్ల కుటుంబాలకు పని లేకుండా పోయింది.

సింహం రాజు చెడ్డవాడేం కాదు. అవతలి సరుకువల్ల పని పోయిన ప్రతి కుటుంబానికీ ఏడాదిపాటు మొక్కజొన్న పొత్తులు ఇస్తామని, ఆలోగా ఇంకో పని నేర్పిస్తామని చాటింపు వేయించాడు. మంచి మాటే. కానీ ఆ పొత్తుల కొట్టానికి నక్కను గుమాస్తాగా పెట్టాడు. ఆ బుద్ధి ఎందుకు పుట్టిందో ఆయన్నే అడగాలి.

ఓబులేసు అనే గిజిగాడు అర్జీ పట్టుకుని కొట్టానికి వెళ్లడం అది ఏడోసారి. వానలు పడేలోగా పొత్తులు రాకపోతే అడవి వదిలి పోవడం తప్ప దారి లేదు. ఇంట్లో పెళ్లాం చెంగమ్మ అప్పటికే మూట కట్టేసింది.

"మళ్లీ తయారయ్యావా?" అంది నక్క. "నీ పని అవతలి బుట్టలవల్లే పోయిందని రుజువేదోయ్?"

"అడవంతా అవే కదయ్యా!"

"నా కంటికి ఒక్కటీ కనపడలేదే! మీకు ఒళ్లు బద్ధకం. అల్లడం మానేసి పొత్తుల మీద పడ్డారు."

బద్ధకం అనేసరికి ఓబులేసుకి ఒళ్లు మండిపోయింది. తెల్లారి లేస్తే ఈనెలు చీల్చి చీల్చి ముక్కులు అరగదీసుకున్న జాతి! గట్టిగా ఓ మాట అనబోయాడు. అంతలో నక్క వెనక, గోడ కనపడకుండా పైదాకా పేర్చిన బుట్టలు కంటపడ్డాయి. నాలుగు గెంతుల్లో దగ్గరికి వెళ్లి ఒకదాని అడుగు తడిమి చూశాడు. నేరుగా మంత్రి ఏనుగు దగ్గరికి ఎగిరిపోయాడు.

మధ్యాహ్నానికి ఏనుగు కొట్టానికి వచ్చింది. వెనకాలే అడవిలో సగం మంది వచ్చారు. ఓబులేసు తన పాత బుట్టొకటి మోసుకొచ్చాడు.

"గుమాస్తాగారూ, అవతలి బుట్ట ఒక్కటీ రాలేదంటారు, అంతేనా?"

"ఎన్నిసార్లు చెప్పాలోయ్?"

"మరి మీ వెనక ఉన్నవి?"

నక్క తడుముకోలేదు. "మీరల్లినవే. నేను స్వయంగా కొన్నాను. కావాలంటే ఒట్టు."

"విన్నారుగా మంత్రిగారూ, మావేనట! అయితే వాటిని ఒక్కసారి ఊదండి."

"ఊదడమేమిటోయ్?" అంది ఏనుగు.

"గూడల్లినా బుట్టల్లినా అడుగున తడిమట్టి ముద్ద అద్దందే మేం వదలం. గాలికి ఎగిరిపోకుండా మా తాతల నాటి నుంచీ అదే పద్ధతి. అవతలివాళ్లకి అంత ఓపిక లేదు. ముందు నాది ఊది చూడండి."

ఏనుగు తొండం చాచి ఊదింది. ఓబులేసు బుట్ట కాస్త ఊగి, ఉన్నచోటే కూర్చుంది.

నక్క ముఖం పాలిపోయింది. "ఎందుకండీ, దుమ్ము రేగుతుంది..." అని అడ్డం రాబోయింది. ఏనుగు రెండోసారి ఊదనే ఊదింది. గోడవారనున్న బుట్టలన్నీ ఒక్కపెట్టున లేచిపోయాయి. ఒకటి నక్క నెత్తిన బోర్లాపడి మెడదాకా దిగింది.

అసలు సంగతి అప్పుడు బయటపడింది. బుట్టల చాటున పొత్తుల గుట్ట! గిజిగాళ్లకు లేదు పొమ్మన్న ప్రతి పొత్తూ అక్కడే ఉంది, సగం కొరికి పారేసినవాటితో సహా. ఓబులేసుకి ఆనందం పట్టలేక అరుపు వచ్చేసింది. నలభై కుటుంబాలూ గొంతు కలిపాయి.

పొద్దు వాలేలోగా అందరికీ పొత్తులు అందాయి. చెంగమ్మ మూట విప్పేసింది. ఆ ఏడాదంతా గిజిగాళ్లు కుట్టుపిట్ట దగ్గర ఆకులు కుట్టడం నేర్చుకున్నారు. మరుసటి వానలకు అడవిలో ప్రతి నెత్తి మీదా వాళ్లు కుట్టిన ఆకు గొడుగే. కొట్టం గుమాస్తాగిరీ ఓబులేసుకి దక్కింది.

ఒకరోజు నక్క జోరువానలో తడిసి ముద్దై కొట్టానికి వచ్చింది.

"ఓబులేసుగారూ, కొలువు పోయి ఏడాదైంది. నాకూ నాలుగు పొత్తులు ఇప్పించండి."

"కొలువు ఎందువల్ల పోయింది?"

నక్క తల వంచుకుంది. "అవతలి బుట్టలవల్లే కదండీ!"

కొట్టం కొట్టమంతా పడీపడీ నవ్వింది. ఓబులేసు కళ్లు తుడుచుకుంటూ అన్నాడు: "ఈ ముక్క ఒప్పుకోవడానికి నీకు ఏడాది పట్టిందయ్యా!"

కష్టంలో ఉన్నవాడి సాయానికి అడ్డం పడినవాడు, తన కష్టం రోజున అదే గుమ్మం ముందు తల వంచుకుని నిలబడక తప్పదు.