తవిటమ్మ కరపత్రం

గవరయ్య దాసుగారికి ప్రశ్న వేయగానే జవాబు చెప్పే అలవాటు లేదు. ఆయన దగ్గర హరికథ నేర్చుకునే శిష్యులందరికీ ఆ సంగతి తెలుసు. అయినా ఆ రోజు తవిటమ్మ ఆగలేకపోయింది. మొదటిసారి గజ్జె కట్టి సొంతంగా కథ చెప్పబోతోంది మరి; సాయంత్రానికి కరపత్రాలు అచ్చుకు వెళ్ళిపోతాయి.

"గొడ్లకి పెట్టే తవుడు పేరు పెట్టారండీ నాకు. కన్నవాళ్ళకే అంత చులకనైపోయానా? కరపత్రం మీద స్వరలత అని వేయించుకోనా గురువుగారూ?" అని అడిగేసింది. అడుగుతుంటేనే కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"పద, సంతకి పోదాం" అన్నారు దాసుగారు.

ప్రశ్నకీ సంతకీ పొత్తేమిటో ఆమెకు అంతుపట్టలేదు. దాసుగారు కూరగాయల వరస మధ్య నిలబడి, పద్యం ఎత్తుకునే గొంతుతో "తవిటమ్మా!" అని ఒక్క కేక పెట్టారు. వంకాయల ముసలమ్మ "ఓయ్" అంది. చేపల గంప దగ్గర ఒకామె, గాజుల కొట్టు దగ్గర ఇద్దరు "ఏటి బాబూ?" అన్నారు. మన తవిటమ్మ కూడా "ఆఁ" అనేసి నాలిక కరుచుకుంది. సంతంతా ఘొల్లుమంది.

నవ్వులు తగ్గాక, ఆ పేరెలా వచ్చిందని దాసుగారు ముసలమ్మనడిగారు.

"నాకు ముందు నలుగురు పోనారు బాబూ. నాను పుట్టగానే మాయమ్మ నన్ను సేటలో ఎట్టి పొరుగింటామెకిచ్చేసి, బదులు గుప్పెడు తవుడు పుచ్చుకుంది. ఆమె మళ్ళీ పెంచమని మాయమ్మకే ఇచ్చినాది. తవుడుకొచ్చిన పిల్లని సావు కూడా సూడదని ఈ పేరెట్టినారు. సూడనేదు కూడా!" అని ముసలమ్మ పకపకా నవ్వింది. "మాయమ్మ మనసులో మంచి పేరొకటుండేదట. పైకంటే ఆ సావు ఇంటాదేమోనని నాకూ సెప్పనేదు."

తనకు ముందు ఇద్దరు పోయారని తవిటమ్మ చిన్నప్పుడే విన్నది. ఆ మాటనూ తన పేరునూ ఏనాడూ కలిపి చూసుకోలేదు. అమ్మ మీద ఇన్నేళ్ళు అలిగినందుకు సిగ్గేసింది, ఆ వెంటే పట్టరాని సంతోషమూ కలిగింది.

"తవిటమ్మ అనే వేయించండి గురువుగారూ."

"వేయిస్తాను" అన్నారు దాసుగారు. "నువ్వు మాత్రం ఇంటికెళ్ళి, మీ అమ్మ మనసులో ఏ పేరు దాచుకుందో అడుగు. ఇప్పుడిక పైకి అనొచ్చు."