చాలనలేని చుట్టాలు

కాకినాడలో ఒక పశువైద్య పరిశోధనశాలలో గవర్రాజు అనే సహాయకుడు ఉండేవాడు. మనిషి బంగారం, కానీ ఎవరైనా "చాలు" అంటే ఆ మాట మాత్రం అతని చెవికెక్కేది కాదు.

ఈ జబ్బు అతనికి పెళ్ళిళ్ళలో వడ్డన చేసిన రోజుల్లో పట్టింది. మా గోదావరి వాళ్ళ సంగతి తెలుసుగా! విస్తరికి చెయ్యి అడ్డం పెట్టినా వేళ్ళ సందుల్లోంచి బూరె జార్చినవాడే మొనగాడు. ఒక పెళ్ళిలో పెళ్ళికొడుకు తాతగారు తట్టుకోలేక విస్తరి మీదికి వంగిపోతే, గవర్రాజు ఆయన వీపు మీద అప్పడం పెట్టి వచ్చాడట!

అలాంటి గవర్రాజు ఉన్నచోటికి గౌరి అనే మేక వచ్చింది. దాని ముందుకాలి ఎముక విరిగి, ఎంతకీ అతుక్కోలేదు. డాక్టర్ విశాలాక్షి గారు దాని తుంటి ఎముకలోంచి కాస్త మూలుగ తీశారు. మూలుగలో మూలకణాలని ఉంటాయి. అవి ఇంకా ఏ పనీ నేర్వని పసివాళ్ళలాంటివి. దారి చూపిస్తే ఎముక అవుతాయి, దారి తప్పితే కొవ్వూ అవుతాయి. వాటిని ఒక పెట్టెలో పెంచి, విరిగినచోట పెట్టాలని ఆవిడ ఆలోచన. అది కుదరకపోతే కాలు తీసెయ్యడమే. రోజూ గౌరికి అవిసాకు తినిపించే గవర్రాజు ఆ మాట వినలేక చెవులు మూసుకునేవాడు.

ఇంతలో డాక్టరు గారికి పదిరోజులు ఊరెళ్ళే పని పడింది.

"గవర్రాజు గారూ, మూడు రోజులకోసారి వీటికి నీలిమూత సీసాలో ఉన్న తిండినీళ్ళు పొయ్యండి. ఎర్రమూతది వద్దు, అందులో పంచదార ఎక్కువ. పెట్టెలో ఆక్సిజన్ మూడు దగ్గరే ఉండాలి," అన్నారు.

"ఆయ్, అలాగేనండి," అన్నాడు గవర్రాజు.

ఆవిడ కారు మలుపు తిరిగిందో లేదో, అతను పెట్టె ముందు నిలబడ్డాడు. మనం పీల్చే గాలిలో ఆక్సిజన్ నూటికి ఇరవయ్యొక్క పాళ్ళు. ఇక్కడ మూడు!

"మూడేవిటండీ, మరీ చోద్యం! పీసినారి పెళ్ళివారు కూడా ఇలా చెయ్యరు," అని ఇరవయ్యొకటికి తిప్పేశాడు. ఎర్రమూత సీసా తీసి, "మొహమాటపడకండమ్మా, ఆరగించండి," అంటూ పోశాడు. పదిరోజులూ అదే మర్యాద.

డాక్టరు గారు వచ్చి సూక్ష్మదర్శినిలో చూశారు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారు.

"ఇదేమిటండీ?"

"బలిశాయి కదండీ!" అన్నాడు గవర్రాజు మురిసిపోతూ.

"బలిసినవి కొవ్వు దారి పట్టాయి. మిగతావి వయసు రాకుండానే ముసలివైపోయాయి. గౌరికి కావలసింది ఎముకండీ, కొవ్వు కాదు!"

గవర్రాజు మొహం వాడిపోయింది. "ఊపిరాడదేమోనని..."

"మూలుగ ఎక్కడుంటుంది? ఎముక లోపల, ఇరుకులో. అక్కడ గాలీ తక్కువే, తిండీ మితమే. అదే వాటి పుట్టిల్లు. అక్కడే అవి పసివాళ్ళలా ఉండగలవు."

"మరి చాలని అవి ఒక్క మాట చెప్పొచ్చు కదండీ!"

"వాటికి నోరు లేదు. నోరున్నవాళ్ళు చెప్తే మాత్రం మీరు ఏనాడు విన్నారు?"

కొత్తగా మూలుగ తియ్యడానికి గౌరికి మళ్ళీ సూది గుచ్చాల్సి వచ్చింది. ఆ మేక తల ఒళ్ళో పెట్టుకున్నది గవర్రాజే. అది అరిచిన అరుపు అతనికి వారం రోజులు వినిపించింది.

ఈసారి ఎర్రమూత సీసాని బీరువాలో పెట్టి, తాళం డాక్టరు గారికిచ్చేశాడు. పెట్టె పక్కన కుర్చీ వేసుకుని, అటొచ్చిన వాళ్ళందరితో "మూడండీ, మూడే!" అంటూ కాపలా కాశాడు. కణాలు ఆరోగ్యంగా పెరిగాయి. డాక్టరు గారు వాటిని విరిగినచోట పెట్టాక, మూడు నెలలకి గౌరి నాలుగు కాళ్ళ మీదా నడిచింది. నడిచి వచ్చి చేసిన మొదటి పని గవర్రాజు తువ్వాలు నమిలెయ్యడం.

ఆ సంతోషంలో అతను డాక్టరు గారిని ఇంటికి భోజనానికి పిలిచాడు. రెండు బూరెలయ్యాక ఆవిడ "చాలండీ" అన్నారు. గవర్రాజు తల్లి మూడోది ఎత్తింది. అతను చటుక్కున డాక్టరు గారి విస్తరి మీద తన చెయ్యి అడ్డం పెట్టాడు.

"అమ్మా, ఆవిడ చాలంటే చాలే!"

"నీకెవరు నేర్పార్రా ఈ బుద్ధి?" అంది తల్లి.

"మేక," అన్నాడు గవర్రాజు.

అందుకే, ఎదుటివారికి ఎంత కావాలో తెలుసుకుని పెట్టడమే ప్రేమ. మనకు తోచినంత కుమ్మరిస్తే ఆ ప్రేమే కీడు చేస్తుంది.