పోలమ్మ చెలమ

అనగనగా, సముద్రుడు రోజుకు రెండుమార్లు వచ్చి గడపలను పలకరించి పోయే ఒక ఊళ్ళో, దానమ్మ అని ఒక ఇల్లాలు ఉండేది. ఆ ఊరి పేరు గవ్వలపేట. తెల్లవారితే చేపల గంప తలకెత్తుకొని మూడూళ్ళు తిరిగి అమ్ముకొని వచ్చేది. ఎవరినీ పల్లెత్తు మాట అనేది కాదు. అబద్ధం వింటే మాత్రం చెవులు ఎర్రబడేవి, చిట్టితల్లీ.

ఆ ఊరికి ఏటా మాఘ పౌర్ణమి నాడు ఊరు పుట్టిన పండుగ. పడవలకు పసుపు పూసి, కుంకుమ దిద్ది, డప్పులు కొట్టేవారు. అప్పుడు ఊరి చరిత్ర చదివేవారు. ఆ తర్వాత రాతిబావి గట్టున పెట్టిన గంగాళంలోంచి తలా ఒక దోసెడు నీళ్ళు తాగేవారు.

ఆ చరిత్ర ఏమని ఉండేదో తెలుసా? కోదండయ్యగారు ఉప్పునేలలో బావి తవ్వించగా మధురజలం ఉబికెనట, ఊరు వెలిసెనట! ఆ కోదండయ్య మనవడే అప్పటి ఊరిపెద్ద సోమన్న. ఆ బావి నీళ్ళు ఏడాది పొడుగునా ఉప్పే. గిన్నెలు తోమడానికి తప్ప కొరగావు. పండుగనాడు గంగాళంలో మాత్రం తియ్యగా ఉండేవి. "మా తాత మహిమ!" అని సోమన్న మీసం దువ్వుకొనేవాడు.

ఆ మహిమ ఎవరిదో దానమ్మకు తెలుసు.

డెబ్బై ఏళ్ళ కిందట పెనుగాలికి కొంపాగోడూ పోగొట్టుకొని మూడు పడవల జనం ఆ ఒడ్డుకు చేరారు. తాగడానికి చుక్క నీరు లేదు. అప్పుడు దానమ్మ అమ్మమ్మ పోలమ్మ, మొగలిపొదల దగ్గర ఇసుక చల్లగా ఉండడం అరికాలితో పసిగట్టింది. కొబ్బరిచిప్పతో తవ్వింది. చిప్ప విరిగితే చేతులతో తవ్వింది. గోళ్ళు ఊడేదాకా తవ్వింది. అప్పుడు ఆ గుంటలో, అదే తల్లీ, చెలమలో, తేటనీరు ఊరింది. తొలి దోసెడు, నాలుక పిడచకట్టుకుపోయిన ఒక పసిపిల్ల నోట్లో పోసింది. తాను అందరికన్నా చివర తాగింది.

కోదండయ్య వచ్చింది ఆ తర్వాత ఏడేళ్ళకు. తన వాకిట్లో రాతిబావి కట్టించి, దాని మీద తన పేరు చెక్కించి, పండుగ మొదలుపెట్టాడు. మూడో ఏటికే బావి ఉప్పుబారింది. పండుగపూట పిల్లలు ఆ నీళ్ళు ఎలా తాగుతారని పోలమ్మ జాలిపడింది. తెల్లవారుజామునే గంగాళంలోని బావినీళ్ళు ఒలకబోసి, చెలమ నుంచి మూడు కుండలు మోసుకొచ్చి నింపింది. ఎవరికీ చెప్పలేదు. ఆమె తర్వాత ఆమె కూతురు, ఆ తర్వాత దానమ్మ, ఏటేటా అదే పని చేస్తూ వచ్చారు. పేరు మాత్రం కోదండయ్యది!

ఒక ఏడు పండుగ మరింత ఘనంగా చేయాలన్నారు. అప్పుడు దానమ్మ సోమన్న దగ్గరికి వెళ్ళింది. "బాబూ, చరిత్రలో మా పోలమ్మ పేరు ఒక్కసారి చదివించండి" అంది.

"చేపల గంపలో చరిత్ర ఉంటాదేటే? పో, బేరం చూసుకో" అని నవ్వాడు సోమన్న.

ఆ తర్వాత ఊరి చరిత్రను పద్యంగా చదివే సింహాద్రి పంతులు దగ్గరికి వెళ్ళింది. "పద్యం నిండిపోయిందమ్మా, ఇంకో పేరు పట్టదు" అన్నాడాయన.

"గోళ్ళూడేలా తవ్విన మనిషి పట్టదు గానీ, గట్టు మీద నిలబడి చూసిన మనిషి పట్టాడా పంతులుగారూ?"

మండే గుండెతో ఇంటికి వస్తుంటే మూడో ఘోరం కంటబడింది. కూలీలు చెలమను ఇసుకతో పూడ్చి, అందులో పందిరి గుంజ పాతుతున్నారు. "పెద్దాయన చెప్పినాడే అక్కా. పండగయ్యాక మళ్ళీ తవ్వుకుందుం" అన్నారు.

దానమ్మ ఇంట్లో ముందే నింపిన మూడు కుండలు ఉన్నాయి. పండుగ తెల్లవారుజామున వాటి వంక చూసింది. వాటి మీద మూతలు పెట్టి, గడపలో కూర్చుంది.

పండుగ మొదలైంది. మొదట సోమన్న తాగాడు. మొహం ముడుచుకుపోయింది. తాత నీళ్ళు ఉమ్మడానికి లేదాయె! గుటుక్కున మింగి, "అమృతం!" అన్నాడు. తర్వాత పంతులు తాగి, "మధురజ..." అంటూనే దగ్గుతో ఉక్కిరిబిక్కిరయ్యాడు. మూడో మనిషిగా, ఊళ్ళోకెల్లా పెద్దదైన సూరమ్మ తాగి, నింపాదిగా చప్పరించింది.

"ఇది కోదండయ్య నూతి నీళ్ళేరా. పండగనాడు తాగేది పోలమ్మ నీళ్ళు కదా? అవేవీ?" అంది.

డప్పులు ఆగిపోయాయి. "నాలుక పిడచకట్టుకుపోయిన ఆ పిల్లను నేనేరా! ఆ తొలి దోసెడు రుచి నాకు తెలీదా?" అంది సూరమ్మ.

గుంపులోకి వచ్చి నిలబడ్డ దానమ్మ మీద సోమన్న విరుచుకుపడ్డాడు. "ఏటి కలిపినావే గంగాళంలో?"

"నేనేటీ కలపలేదు బాబూ. ఏటా మూడు కుండలు పోసేదాన్ని. ఈ ఏడు పొయ్యలేదు. అంతే" అంది దానమ్మ.

ఊరు ఊరంతా తలలు దించుకొంది. దానమ్మ మూడు కుండలూ తెచ్చి పిల్లలకు పోసింది. పెద్దలకు చుక్క పోయలేదు. "మీరు తవ్వుకోండి. చిప్పలు వద్దు, చేతులతో తవ్వండి" అంది.

అప్పుడు గుంజ పీకారు. సోమన్న కూడా పట్టుపంచెతో మోకాళ్ళ మీద కూర్చుని తవ్వాడు. బురదనీరు ఊరింది. దాహానికి తాళలేక జనం దోసిళ్ళు ముంచబోతే, దానమ్మ చేయి అడ్డుపెట్టింది.

"డెబ్బై ఏళ్ళు పోలమ్మ పేరు ఆగింది. నీళ్ళు తేరేదాకా మీరాగలేరా?"

నీరు తేటబడింది. ఒక్కొక్కరే 'పోలమ్మ' అని పైకి చెప్పి, ఆ తర్వాతే తాగారు. చివర సోమన్న కూడా, గొణిగినట్టు కాక గట్టిగా చెప్పేదాకా దానమ్మ చేయి తీయలేదు.

"ఇప్పుడు పద్యంలో పడుతుందా పంతులుగారూ?" అని అడిగింది.

"పడుతుందమ్మా, కోదండయ్యను తీసేస్తే" అన్నాడు పంతులు.

బావిరాతి మీద పేరు మాత్రం ఇంకా అలాగే ఉందట తల్లీ. అందుకే దానమ్మ కోపమూ చల్లారలేదట. ఏటా పండుగనాడు ఆ రాతికి వీపు పెట్టి నిలబడి, ఊరందరి చేతా పోలమ్మ పేరు చెప్పించేదట.

చెలమ నీరు తేటకు,
పోలమ్మ పేరు నోటికి,
కథ వెళ్ళె కంచి బాటకు,
కన్ను వెళ్ళె నిద్ర తోటకు.